ముసల్ది ఒక్క చుట్టు తిరిగితే

మొన్న మా మనవరాలు పట్నం నుంచి వస్తూ ఒక కాగితం తెచ్చింది. పాత కార్ల ప్రదర్శనకు వచ్చేవాళ్లు ఏం తెచ్చుకోవాలి, ఏం చేయకూడదు అని అందులో అచ్చు వేశారు. నాకు అక్షరాలు యాభై దాటాక వచ్చాయి. అందుకని ఇప్పుడు ఏ కాగితం దొరికినా వదలను, పకోడీల పొట్లాన్ని కూడా నూనె పిండేసి చదువుతాను. ఇదీ చదివాను. టోపీ పెట్టుకోండి, మంచినీళ్లు తెచ్చుకోండి, కార్లను ముట్టుకోకండి, వాటి యజమానులను మర్యాదగా పలకరించండి అని ఉంది. రాసినవాడెవడో బుద్ధిమంతుడే గానీ, జన్మలో ఎన్నడూ కారుతోపాటు అలాంటి చోటికి పోయినట్టు లేడు. నేను పోయాను. టోపీ లేకుండా పోయాను, కారును ముట్టుకున్నాను, అక్కడ మర్యాద ఎంత జరిగిందో చెబుతాను.

శ్రీహరికోటలో రాకెట్లు రాకముందు, అక్కడ ఇంకా సరుగుడు చెట్లే ఉన్న రోజుల మాట. తోటపల్లి గూడూరుకు అవతల, సముద్రపు గాలి తగిలే ఒక ఊళ్లో, పొలాలున్న ఒక రెడ్డిగారి ఇంట్లో మా ఆయన కారు డ్రైవరు. ఇంట్లో అంటే ఇంట్లో కాదు, మేం ఉండేది కారు షెడ్డులో. మధ్యలో ఒక తడిక. తడికకు అటు కారు, ఇటు నేనూ, మా ఆయనా, ఏడాది పిల్లా, పొయ్యీ, రెండు ట్రంకుపెట్టెలూ. అటు భాగం మా భాగానికంటే పెద్దది. అయినా కారును తప్పు పట్టడానికి లేదు. అది ఉంటేనే డ్రైవరు, డ్రైవరు ఉంటేనే తడిక. కారు పోయిన నాడు మేం చెట్టు కిందే.

ఆ కారును పెద్దరెడ్డిగారు బతికి ఉన్నప్పుడు కొన్నారు. ఏ దేశంలో చేశారో నాకు తెలియదు. కప్పకళ్లలాంటి దీపాలు, పిండితే మొత్తుకునే బాకా, ఎక్కడానికి రెండు పక్కలా పలకలు, పైన మడతపెట్టే గుడ్డ కప్పు. నేను కాపురానికి వచ్చేటప్పటికే దాని టైర్లు అతుకుల బొంతలా ఉండేవి. మా ఆయన పొద్దున్నే ముందు వైపు హ్యాండిల్ పెట్టి తిప్పితే అది దగ్గి, కాండ్రించి, ఒళ్లంతా ఊపి, ఇంత నల్లటి పొగ వదిలి, ఇక లాభం లేదనుకున్నప్పుడు లేచేది. కాపురానికి వచ్చిన మూడో రోజే దానికి ముసల్ది అని పేరు పెట్టాను. మా ఆయనకు మొదట కోపం వచ్చింది. వారానికల్లా ఆయన నోటా అదే మాట. నెలకల్లా పాలేర్లు, ఆ తర్వాత చిన్నయ్యగారు, అంటే పెద్దరెడ్డిగారి కొడుకు, అందరూ ముసల్దనే అనేవాళ్లు.

ఆ పేరు తెలియనిది ఒక్క పెద్దమ్మకే. పెద్దమ్మ అంటే పెద్దరెడ్డిగారి భార్య. ఆయన పోయి తొమ్మిదేళ్లయింది. ఆమెకు డెబ్బై దగ్గరపడుతున్నాయి. ఆమె కూడా పొద్దున్నే దగ్గి, కాండ్రించి, అందరినీ నాలుగు తిట్టి లేచేది. అందుకే ఆమె ముందు ఆ పేరు ఎత్తడానికి ఎవరికీ ధైర్యం చాలలేదు.

ఆ సంవత్సరం ఎండలు ముదరక ముందు చిన్నయ్యగారికి ఒక ఉత్తరం వచ్చింది. మద్రాసులో పాత కార్లున్న దొరబాబులు కొందరు కలిసి కలకత్తా రోడ్డు మీద ఊరేగింపుగా వస్తున్నారట. ఒకరోజు నెల్లూరులో ఆగి, మైదానంలో కార్లన్నీ నిలబెట్టి జనానికి చూపిస్తారట. చుట్టుపక్కల ఎవరికైనా పాత కార్లుంటే వాళ్లూ తీసుకురావచ్చట. చివర్లో ప్రతి కారూ మైదానం చుట్టూ ఒకసారి తిరగాలట.

చిన్నయ్యగారు మా ఆయన్ని వసారాలోకి పిలిపించారు. అక్కడ జరిగింది మా ఆయన నాకు వచ్చి చెప్పాడు, ఒక్క మాట పోకుండా.

"ముసల్ది ఒక్క సుట్టు తిరిగిందంటే ఉంచుకుందాం," అన్నారట చిన్నయ్యగారు. "ఎవురూ తొయ్యకూడదు, ఎవురూ పట్టుకోకూడదు. మద్దెలో కూలబడిందో, అట్నుంచి అట్నే మద్రాసుకి తోలేస్తా. ఆడ చూసుకునేవోళ్లు ఉండారు. ఆ చోటు కాళీ అయితే ఎరువు బస్తాలన్నా ఏసుకోవచ్చు."

"కీళ్లన్నీ అరిగిపోయుండాయి సామీ," అన్నాడట మా ఆయన. "దయ సూడాల."

"దయ సూసే ఇన్నాళ్లు మేపినాం."

మద్రాసులో చూసుకునేవాళ్లంటే ఎవరో మా ఆయనకు తర్వాత షెడ్డు దగ్గర తెలిసింది. పాత ఇనుము కొనే వ్యాపారి ఒకాయన ఉన్నాడు. ఆయన్ని ప్రదర్శన రోజున నేరుగా మైదానానికే లారీతో రమ్మని కబురు పెట్టారు. కారు ఆగితే అక్కడే ఎత్తించి పంపేస్తారు. మేం సామాను సర్దుకోవాలి. గవర్నమెంటు ఎరువు కొత్తగా వస్తున్న రోజులవి. ఎరువుకు పక్కా చోటు కావాలి, తడవకూడదు. మేం తడవచ్చు.

"తిరగతాదా?" అని అడిగాను.

"మీ అబ్బ దగ్గర మంత్రాలేవన్నా ఉంటే ఇప్పుడే ఏయించు," అన్నాడు మా ఆయన.

మా అబ్బ దగ్గర మంత్రాలు లేవు, దూదేకే విల్లు ఉంది. మా పుట్టింటివాళ్లు తరతరాలుగా దూది ఏకి పరుపులు కుట్టేవాళ్లు. మా ఆయన ఇంజనుకు చేయగలిగింది చేస్తుంటే, నాకు చేతనైంది నేను చేశాను. వెనక సీటు విప్పాను. లోపల కొబ్బరిపీచు, ఎలుకల కాపురం. అదంతా పారేసి, అబ్బ దగ్గర్నుంచి బూరుగుదూది తెప్పించి, పెళ్లికూతురి పరుపుకు కూరినట్టు కూరి కూరి కుట్టాను. ఎక్కి కూర్చుంటే తల పైకప్పుకు తగిలింది. "ఇది సీటా, గోపురమా?" అన్నాడు మా ఆయన. ఎంత కూరినా దూది తర్వాత అణుగుతుందని ఆయనకేం తెలుసు.

ఆ రోజుల్లోనే పెద్దమ్మ కొత్తగా ఒక పని మొదలుపెట్టింది. తెల్లారగానే దొడ్లో, గడ్డివామి చుట్టూ నడవడం. నడుమ్మీద చేయి పెట్టుకుని, పళ్లు బిగబట్టుకుని, ఒక చుట్టు. నాలుగో రోజు రెండు చుట్లు. ఆమె మోకాళ్లు ఎంతటివో నాకు తెలుసు. రోజూ నువ్వులనూనె రాసి పట్టేది నేనే.

"డాక్టరు చెప్పినాడా అమ్మా?" అని అడిగాను.

"డాక్టరు ముకం. నువ్వు గట్టిగా రుద్దు." ఇంకో కాలు చాపి, "ఆ నెల్లూరు మైదానం ఎంత పెద్దదిమే? మన గడ్డివామికి ఎన్నింతలుంటాది?" అంది.

"నాకేం తెలుసమ్మా, నేను పోయిందే లేదు."

"ఇసకా, మట్టా?"

కారు మీద ఆమెకు అంత ప్రేమ ఉందని నేను అనుకోలేదు. అదే మాట మా ఆయనతో చెప్పాను. పెద్దరెడ్డిగారి గుర్తు కదా, ఉంటుందిలే అన్నాడు. ప్రదర్శనకు తాను కూడా వస్తానని ఆమె అన్నప్పుడు చిన్నయ్యగారు వద్దన్నారు. ఎండ, దుమ్ము, మోకాళ్లు, అన్నీ చెప్పారు. "నేను రాకుండా ఎట్టా జరగతాదిరా?" అంది ఆమె. ఆమెను పట్టుకోవడానికి ఒక మనిషి ఉండాలి గనుక నన్నూ రమ్మన్నారు. పిల్లను మా అమ్మ దగ్గర వదిలాను.

ఇక నేను చేసిన ఘనకార్యం. ప్రదర్శన రోజు పొద్దున్నే మా ఆయన సైకిలు మీద పెట్రోలుకు పోయాడు. కారును చూస్తే మాసిన చీరలా ఉంది. మా పుట్టింట్లో దూదేకే విల్లుకు ఏడాదికోసారి నూనె పట్టిస్తారు, అద్దంలా మెరుస్తుంది. పెద్దమ్మ మోకాళ్ల నూనె ఇంకో చెంబుడు ఉంది. మూతి నుంచి తోక దాకా, ఎక్కే పలకలతో సహా, ముసల్దానికి ఒళ్లంతా నూనె పట్టించి మర్దన చేశాను. మా ఆయన వచ్చి చూసి నోరు తెరిచాడు. నల్లరేగడి మీద వాన పడ్డట్టు మిలమిల్లాడుతోంది. ఆయన నన్ను మెచ్చుకున్నది జన్మలో రెండుసార్లు. అందులో ఇది ఒకటి. మధ్యాహ్నానికి వెనక్కి తీసుకున్నాడు.

మా ఊరి నుంచి నెల్లూరు దాకా అప్పట్లో మట్టి రోడ్డు. రెండు గంటలు పట్టింది. ఆ రెండు గంటల్లో రోడ్డు మీదున్న దుమ్ములో సగం లేచి వచ్చి నూనెకు అంటుకుంది. మైదానానికి చేరేసరికి మా కారు నల్లగా లేదు, ఎర్రగా కూడా లేదు. కారప్పొడి అద్దిన చేపలా ఉంది, ఇక పెనం మీద వేయడమే తరువాయి.

ఇప్పుడు ఆ కాగితం రాసినాయన వదిలేసిన సంగతులు చెబుతాను.

అలాంటి చోట నీడ ఉండదు. ఉన్న ఒక్క షామియానా కింద కుర్చీలున్నవాళ్లు కూర్చుంటారు. మిగిలినవాళ్లు ఎవరి కారు నీడలో వాళ్లు, పొద్దు కదిలినట్టల్లా కారు చుట్టూ జరుగుతూ ఉంటారు. ఆడవాళ్లు వస్తారని ఏర్పాటు చేసినవాళ్లలో ఒక్కరికీ తట్టి ఉండదు. మంచినీళ్ల తొట్టి పెట్టారు, తాగిన నీళ్లకు దారి చూపలేదు. నేను సాయంత్రం దాకా ఆ తొట్టి వంక చూస్తే ఒట్టు.

కార్లు బాగానే ఉన్నాయి, నేను కాదనను. పసుపుపచ్చవి, ఆకుపచ్చవి, ఇత్తడి మెరిసేవి. కానీ ప్రతి కారు కిందా ఒక రేకు పళ్లెం ఉంది, ఉచ్చపోసే పిల్లకు కింద గుడ్డ వేసినట్టు. ఎంత గొప్ప కారైనా చుక్క చుక్క కారుతూనే ఉంది. ఎవరిని అడిగినా తమ కారులో ఒకప్పుడు గవర్నరు కూర్చున్నాడని చెప్పారు. పదహారు కార్లలోనూ కూర్చున్నాడట. పాపం, ఆ గవర్నరుకు కూర్చోవడం తప్ప వేరే పని ఉన్నట్టు లేదు. మా కారులో ఎవరు కూర్చున్నారని ఒకాయన అడిగితే మా ఆయన నిజం చెప్పాడు: నొప్పులొచ్చిన ఆడవాళ్లు, విత్తనపు వేరుశనగ, ఒకసారి పొదిగిన కోడి.

ఇక చూసే మగవాళ్లు. నేను పెళ్లిచూపులు చాలా చూశాను. పిల్లను నడవమంటారు, పాడమంటారు, మహా అయితే జడ సవరమా అని అడుగుతారు. ఇక్కడ మూత ఎత్తి లోపలికి తల పెడతారు. కింద పడుకుని పైకి చూస్తారు. చూసి లేచి, చేతులు దులుపుకుని, ఒక్క మాట అర్థం కాకపోయినా "ఊఁ" అంటారు. ఆ "ఊఁ" అనడానికి వచ్చినవాళ్లే సగంమంది.

మా కారు దగ్గర మూగినవాళ్లలో ఒకడు చూపుడువేలితో దాని డొక్క మీద గీత గీసి, వేలు వాసన చూశాడు.

"ఏంది మే ఇది, నువ్వులనూనె?"

"తలంటు పోసినాం," అన్నాను.

"కుంకుడుకాయ మర్చిపోయినారా?"

అందరూ నవ్వారు. మా ఆయన నా వైపు చూడకుండా గట్టిగా తుడవడం మొదలుపెట్టాడు. తుడిచిన కొద్దీ బురదైంది.

పెద్దమ్మ మాత్రం వెనక సీట్లో, బూరుగుదూది మీద, తల పైకప్పుకు ఆనించి కూర్చుని మైదానం చుట్టూ కళ్లతో కొలుస్తోంది. మాటిమాటికీ కాళ్లు చాపి ముడుస్తోంది. అవతల గేటు దగ్గర లారీ నిలబడి ఉంది. దాని పక్కన లుంగీ మడిచి కట్టిన మద్రాసు ఇనుము వ్యాపారి. ఆయన రెండుసార్లు వచ్చి మా కారును వేలితో కొట్టి చప్పుడు విని పోయాడు. కొబ్బరికాయ కొనేవాడు కూడా అంత శ్రద్ధగా వినడు.

"రొంబ నల్ల ఇనుమమ్మా," అన్నాడు నాతో, చాలా మంచి ఇనుమని తన అరవంలో మెచ్చుకుని, నన్ను సంతోషపెడదామని.

పోటీకి న్యాయం చెప్పే పెద్దమనిషి నల్లకోటు వేసుకుని, చేతిలో అట్ట పట్టుకుని ఒక్కొక్క కారే చూసుకుంటూ వచ్చాడు. మా కారు వరుసలో మొదటి నుంచి మూడోది. చుట్టు తిరగడం కూడా అదే వరుసలో. మా ఆయన ఆశంతా అదే. "వచ్చిన వేడి మీదనే తిరిగేస్తే తిరగతాది," అని పొద్దుటి నుంచి జపం చేస్తున్నాడు. "సల్లారిందంటే లెయ్యదు."

కోటాయన కారు చుట్టూ తిరిగి, ముక్కు చిట్లించి, వెనక సీటు చూసి ఆగాడు. "సీటు ఒరిజినలేనా?"

ఆ మాటకు అర్థం నాకు తెలియలేదు. అడుగుతున్నది కల్తీ గురించే అయి ఉంటుందనుకున్నాను. "అంతా బూరుగుదూదే సార్, ఒక్క పీచు కలపలా," అన్నాను.

ఇంకా దగ్గరగా చూద్దామని ఆయన ఎక్కే పలక మీద కాలు పెట్టాడు. నేను పట్టించిన చెంబుడు నూనెలో పావు వంతు ఆ పలక మీదే ఉంది. కాలు ఒక దిక్కు, అట్ట ఒక దిక్కు, ఆయన ఒక దిక్కు. నల్లకోటు వెనక భాగం మీద, మట్టిలో చతికిలబడ్డాడు. లేపడానికి మా ఆయన చేయిచ్చాడు. ఆ చేతికీ నూనే. ఆయన సగం లేచి మళ్లీ కూర్చున్నాడు. నాకు నవ్వు ఆగలేదు. పమిట నోట్లో కుక్కుకున్నాను. పెద్దమ్మ కుక్కుకోలేదు.

"ఈ బండి ఆఖర్న పెట్టండి," అన్నాడు ఆయన లేచి. "అన్నీ అయిపోయాక చూద్దాం."

నా నవ్వు అక్కడ ఆగిపోయింది. పదహారు కార్లు తిరిగేదాకా అంటే రెండు గంటలు.  మా ఆయన ఇంజను మూత మీద గోనెపట్టా కప్పాడు, జ్వరం వచ్చినవాళ్లకు దుప్పటి కప్పినట్టు. ఆ గోనెపట్టా చూస్తే నాకు ఏడుపొచ్చింది. ఇంట్లో ట్రంకుపెట్టెలు రెండూ కట్టి ఉంచి వచ్చాం. ఎక్కడికి పోతామో అప్పటికి అనుకోలేదు. మా అబ్బ ఇంట్లో దూది పెట్టుకోవడానికే చోటు లేదు.

మా వంతు వచ్చేసరికి పొద్దు నడినెత్తి దాటింది. మా ఆయన హ్యాండిల్ పెట్టి తిప్పాడు. దగ్గింది, ఆగింది. మళ్లీ తిప్పాడు. చొక్కా విప్పేసి తిప్పాడు. జనం లెక్కపెట్టడం మొదలుపెట్టారు. పందొమ్మిదోసారికి ముసల్ది ఒళ్లు ఝాడించి, పక్కనున్న పసుపుపచ్చ కారు మీద నల్లటి పొగ వదిలి లేచింది. ఈలలు, చప్పట్లు. మా ఆయన ఎగిరి కూర్చున్నాడు. ఆయన పక్కన నేను, వెనక పెద్దమ్మ. బాకా పిండుకుంటూ బయలుదేరాం.

సగం చుట్టు బాగానే తిరిగాం. షామియానా దాటాం. నేను మనసులోనే ట్రంకుపెట్టెల తాళ్లు విప్పడం మొదలుపెట్టాను. ముప్పావు చుట్టయ్యాక, సోడాబండి ఎదురుగా, ముసల్ది రెండు ఎక్కిళ్లు ఎక్కి ఆగిపోయింది.

మా ఆయన దిగాడు. తిప్పాడు. మూత ఎత్తాడు, దించాడు, మళ్లీ తిప్పాడు. ఈసారి దగ్గు కూడా లేదు. జెండా పట్టుకుని కోటాయన నిలబడిన గీత మాకు కనిపిస్తూనే ఉంది. నలుగురు తోస్తే నిమిషంలో చేరే దూరం. తోయడానికి జనం రెడీగా ఉన్నారు గూడా. "ఎవురూ తొయ్యొద్దు!" అని చిన్నయ్యగారు దూరం నుంచే కేకేశారు. ఆయన వెనక ఇనుము వ్యాపారి భుజాన మోకు వేసుకుని నడిచి వస్తున్నాడు. మా ఆయన హ్యాండిల్ కింద పెట్టి, రెండు చేతులూ వదిలేసి నిలబడ్డాడు. ఆయన్ని నేను అలా ఎన్నడూ చూడలేదు.

అప్పుడు వెనక తలుపు తెరుచుకుంది.

పెద్దమ్మ పలక మీద కాలు పెట్టకుండా, తెలివిగా, నేరుగా నేల మీదికి దిగింది. చెప్పులు వదిలేసింది. కొంగు నడుముకు దోపింది. జెండా వైపు నడవడం మొదలుపెట్టింది. నేను పరిగెత్తుకుపోయి చేయి పట్టుకోబోతే విదిలించి కొట్టింది.

"పట్టుకోకూడదు మే! తెలవదా నీకు?"

చిన్నయ్యగారు రొప్పుతూ ఎదురొచ్చారు. "అమ్మా, యాడికి?"

"సుట్టు తిరగతా ఉండా. పక్కకి జరుగు."

"నువ్వెందుకు తిరగడం?"

ఆమె ఆగలేదు. నడుస్తూనే, ఆయాసపడుతూ, సోడాబండి చుట్టూ ఉన్న జనమంతా వినేట్టు చెప్పింది. "నువ్వే గదరా అంటివి వసారాలో. గోడకి ఇవతలే గదా నేను పడుకునింది. ముసల్ది ఒక్క సుట్టు తిరిగితే ఉంచుకుందాం, కూలబడితే మద్రాసుకి తోలేస్తా, ఆడ చూసుకునేవోళ్లు ఉండారంటివి. మద్రాసులో చూసుకునేది మీ అక్కే గదా, దాని ఇల్లు మేడ మీద. రెండు గదులు. నేను పోనంటే పోను ఆడికి. నా గది కాళీ చేయించి ఎరువు బస్తాలు ఏసుకుంటావా? పది దినాల్నించి గడ్డివామి సుట్టూ తిరగతా ఉండా, సూడు, కూలబడతానేమో సూడు!"

చిన్నయ్యగారి ముఖం నేను వర్ణించలేను.  సోడావాడు గోళీ నొక్కబోయి ఆగాడు.

"కార్లోనే తిప్పతా ఉండారు, పర్లేదులే అనుకున్నా," అంది ఆమె. "అది ఆగిపోయె. మిగతాది నడిస్తే సరిపోదా?"

"నిన్ను కాదమ్మా!" అన్నారు చిన్నయ్యగారు.  "నిన్నెవురమ్మా తోలేస్తామనింది? కారుని! ముసల్దంటే కారు!"

పెద్దమ్మ అప్పుడు ఆగింది. "కారు ముసల్దా?"

"అందరూ అట్నే అంటారు."

"ఎవురు పెట్టినారు ఆ పేరు?"

చిన్నయ్యగారు మా ఆయన వైపు చూశారు. జన్మలో ఎవరి మీదా చాడీ చెప్పని మనిషి మా ఆయన. కింద పెట్టిన హ్యాండిల్ ఎత్తి, దానితో నన్ను చూపించాడు.

తప్పించుకునే దారి లేదు. "పొద్దున్నే దగ్గతాది గదమ్మా," అన్నాను.

"నేనూ దగ్గతా."

"అది పొగ కూడా వదలతాది."

ఎవడో కిసుక్కుమన్నాడు. ఇక ఆపడం ఎవరి తరం కాలేదు, మైదానమంతా నవ్వింది. పెద్దమ్మ నవ్వలేదు. నన్ను పై నుంచి కింద దాకా ఒకసారి చూసి, ముందుకు తిరిగి, నడుమ్మీద చేయి పెట్టుకుని మిగిలిన దూరమూ నడిచింది. ఎవరూ తోయలేదు, ఎవరూ పట్టుకోలేదు. మా సంగతేమీ తెలియని కోటాయన, గీత దాటినవాళ్లకల్లా జెండా ఊపాలి గనుక ఆమెకూ ఊపాడు. మద్రాసు బాబులు కూడా లేచి చప్పట్లు కొట్టారు.

ఇనుము వ్యాపారి మోకు పట్టుకుని బిక్కముఖంతో చిన్నయ్యగారి దగ్గరికి వచ్చాడు. "ఏంగ సార్, ఇప్పుడు నేను ఏ ముసల్దాన్ని తీసుకుపోయేది?"

"పోవయ్యా సామీ, పో," అన్నారు చిన్నయ్యగారు.

షామియానా కింద ఒకాయన లేచి తన కుర్చీ ఇస్తే పెద్దమ్మ కూర్చుని సోడా తాగింది. నేను ఆమె కాళ్ల దగ్గర కూర్చుని మోకాళ్లు పట్టాను. తిడుతుందని ఎదురుచూశాను. ఆమె కొడుకునే అడిగింది. "అయితే ఎరువు ఏసేది వీళ్లుండే చోట్లోనా?"

చిన్నయ్యగారు అవునన్నట్టు తలూపారు.

"పసిబిడ్డని పెట్టుకుని వీళ్లు యాడికి పోతారనుకున్నావు?"

"ఒక్క సుట్టు తిరగమన్నా గదమ్మా," అన్నారు ఆయన. "ముప్పావు తిరిగింది."

"ముసల్ది ఒక్క సుట్టు అన్నావు. ముప్పావు అది తిరిగింది, పావు నేను తిరిగినా. పేరు ఒకటే గదా. లెక్క సరిపోయింది. ఎద్దుల్ని తెప్పించి బండిని ఇంటికి తోలించు."

పదిమంది వింటుండగా ఆయన సరేనన్నారు. అమ్మను తోలేస్తాడన్న మాట ఊళ్లోకి ఆయనకంటే ముందు పోతుందని ఆయనకు తెలుసు. ఆ క్షణాన ఆయన దేనికైనా సరే అనే స్థితిలో ఉన్నారని నాకు కనిపించింది. మా షెడ్డుకు మా భాగంలో కిటికీ లేదు. కారుకు కిటికీ ఎందుకని కట్టినప్పుడే పెట్టలేదు. పొయ్యి రాజేస్తే పొగంతా పిల్లకే. సిగ్గు విడిచి అడిగేశాను.

"ఒక కిటికీ కూడా పెట్టియ్యండి సామీ."

మా ఆయన దగ్గు వచ్చినట్టు నటించి అటు తిరిగాడు. పెద్దమ్మ మొదటిసారి నా వంక చూసి నవ్వింది. "దీనికి నూనె ఎక్కువైంది," అంది.

బహుమతి ఎవరికి వచ్చిందో మేం చూడలేదు. ఎద్దులు దొరికేసరికి సాయంత్రమైంది. ముసల్దాన్ని వాటికి కట్టి, మా ఆయన స్టీరింగు పట్టుకుంటే, ఆ పన్నెండు మైళ్లూ నేనూ పెద్దమ్మా వెనక సీట్లో పక్కపక్కన కూర్చుని వచ్చాం. దూది బాగా అణిగింది. తల కప్పుకు తగలలేదు.

కారు మళ్లీ లేవలేదు. అయినా దాన్ని అమ్మే మాట ఆ ఇంట్లో ఎవరూ ఎత్తలేదు. చిన్నయ్యగారు తర్వాత ట్రాక్టరు కొన్నారు, మా ఆయన దాన్ని తోలాడు. మేం తడికకు ఇవతలే పదకొండేళ్లు ఉన్నాం. ఇద్దరు పిల్లలు అక్కడే పుట్టారు.

వారం తిరక్కముందే మేస్త్రీ వచ్చి తూర్పు గోడ పగలగొట్టి తలుపు లేని కిటికీ పెట్టాడు. పొగ పోయింది, సముద్రపు గాలి వచ్చింది, దానితో ఎండుచేపల వాసన, ఇసుక. అన్నంలో ఇసుక తగిలినప్పుడల్లా మా ఆయన ఒకటే గొణుగుడు.

"అడిగేదేదో తలుపు కూడా అడిగుండాల్సింది మే. ఆ దినం ఏమడిగినా ఇచ్చేవాడు."

అది నిజమే. తలుపుకు ఇంకో ఆరేళ్లు పట్టింది.